పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఖండాలు ఎప్పుడైనా పరుగెత్తాయా?

సముద్రగర్భం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున విస్తరిస్తోందని ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. ఖండాలు కోట్ల సంవత్సరాల్లో కాక కొన్ని నెలల్లోనో, కొన్ని వందల ఏళ్లలోనో వేల కిలోమీటర్లు జరిగాయని చెప్పే వాదనలు చాలామంది పాఠకుల దృష్టికి వచ్చాయి. వాటిని కొట్టిపారేయకుండా ఇబ్బంది ఎక్కడుందో లెక్కతో సహా చెప్పమని కొందరు కోరారు. ఆ కోరిక న్యాయమైనది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఈ వేగచలన వాదాలన్నీ ఒకటేనా? వాటిని ప్రతిపాదించినవారు ఎవరు?

జవాబు: ఒకటి కాదు. మూడు రకాల వాదాలు ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి. మొదటిది అమెరికాలో చరిత్ర బోధించిన చార్లెస్ హాప్‌గుడ్ 1958లో ప్రకటించినది. భూమి పైపొర మొత్తం ఒకే పెంకుగా లోపలి పొరల మీద దాదాపు 30 డిగ్రీలు జారిందని, అంతకుముందు ఉత్తర ధ్రువం కెనడాలోని హడ్సన్ అఖాతం దగ్గర ఉండేదని, ఆ జారుడు సుమారు 12,000 ఏళ్ల కిందట ముగిసిందని ఆయన వాదించారు. ఆయన పుస్తకానికి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ముందుమాట రాశారన్నది నిజమే. ఈ వాదాన్ని నమ్మేవారు ఆ సంగతిని తరచూ గుర్తు చేస్తారు. అయితే భూపటలం లోపలి పొరల మీద అంత సులువుగా కదలగలదన్న ఊహ ఒక్కటే సందేహాస్పదమని ఐన్‌స్టీన్ ఆ ముందుమాటలోనే రాశారు. ఆ వాదానికి అసలు ఆధారం ఆ ఊహే.

రెండవది జాన్ బామ్‌గార్డ్‌నర్, ఆయన సహచరులు 1994లో సవివరంగా ప్రతిపాదించిన వాదం. భూమి పైపొర కదిలే పెద్ద పలకలుగా విడిపోయి ఉందనే ప్లేట్ టెక్టానిక్స్‌ను ఇది తోసిపుచ్చదు. పలకలు విడిపోవడాన్నీ, ఒకటి మరొకదాని కిందికి దిగడాన్నీ పూర్తిగా ఒప్పుకుంటుంది. ఆ పని మొత్తం ఒక జలప్రళయ కాలంలో, సెకనుకు మీటర్ల వేగంతో కొన్ని నెలల్లో జరిగిపోయిందని మాత్రం అంటుంది. బామ్‌గార్డ్‌నర్ భూభౌతిక శాస్త్రంలో శిక్షణ పొందినవారు. మాంటిల్ (భూపటలం కింద ఉన్న మందమైన శిలాపొర) కదలికలను లెక్కించేందుకు ఆయన రూపొందించిన కంప్యూటర్ ప్రోగ్రామును ఆ వాదంతో సంబంధం లేని పరిశోధకులు కూడా వాడుకున్నారు. అందువల్ల ఈ వాదానికి జవాబు అంతే శ్రద్ధగా ఇవ్వాలి. మూడవది వాల్ట్ బ్రౌన్ చెప్పినది. భూపటలం కింద బందీగా ఉన్న నీరు పైకి చిమ్మి ఖండాలను జారవిడిచిందని దాని సారాంశం. కిలోమీటర్ల మందమున్న శిల బరువును కింది నీటి పొర పగుళ్లు రాకుండా ఎంతకాలం మోయగలదన్న ప్రశ్న దగ్గరే ఆ వాదం ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాము.

ఇవి మత విశ్వాసాల మీద తీర్పులు కావని కూడా చెప్పాలి. శిలల్లో ఇప్పటికీ కొలవగలిగే సంగతుల గురించి మాత్రమే ఇక్కడ మాట్లాడుతున్నాము.

ప్రశ్న: ఇప్పుడు నెమ్మదిగా ఉన్నంత మాత్రాన ఒకప్పుడు కూడా నెమ్మదిగానే ఉండాలని ఎక్కడుంది? వేగానికి భౌతికశాస్త్రం అభ్యంతరం ఏమిటి?

జవాబు: ఎక్కడా లేదు. గతంలో వేగాలు మారాయని భూవిజ్ఞానం కూడా చెబుతుంది. భారత పలక సుమారు 6.7 కోట్ల ఏళ్ల కిందట ఏటా 18 సెంటీమీటర్ల దాకా ఉత్తరానికి సాగిందనీ, ఆసియాను ఢీకొన్న తరువాత మందగించిందనీ హిందూ మహాసముద్రపు అడుగు చెబుతోంది. కాబట్టి శాస్త్రజ్ఞులకు వేగం మీద వ్యతిరేకత లేదు. అయితే ఏటా 5 సెంటీమీటర్లకూ సెకనుకు ఒక మీటరుకూ మధ్య తేడా 60 కోట్ల రెట్లు. అంత వేగం తన గుర్తులను వదలకుండా పోదు. వాటిలో అన్నిటికంటే పెద్దది వేడి.

ఈ లెక్కను పాఠకులు కాగితం మీద స్వయంగా వేసుకోవచ్చు. నేటి సముద్రాల అడుగున ఉన్న శిల దాదాపు అంతా సముద్ర మధ్య పర్వతశ్రేణుల దగ్గర కరిగిన లావాగా పైకి వచ్చి గడ్డకట్టినదే. ఈ విషయంలో వేగచలన వాదులకు కూడా భేదాభిప్రాయం లేదు. ఆ పటలం సగటు మందం 7 కిలోమీటర్లు. ఒక చదరపు మీటరు అడుగుభాగం గల శిలా స్తంభాన్ని తీసుకుంటే, దాని ఎత్తు 7,000 మీటర్లు, బరువు సుమారు 2 కోట్ల కిలోగ్రాములు. దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉన్న బసాల్ట్ అనే ఆ లావా శిల గడ్డకట్టి సముద్రజలపు చల్లదనానికి చేరేలోపు కిలోగ్రాముకు సుమారు 17 లక్షల జౌళ్ల వేడిని వదులుతుంది. అంటే ఈ ఒక్క స్తంభం నుంచి వెలువడేది దాదాపు 34 లక్షల కోట్ల జౌళ్లు.

ఇప్పుడు ఆ స్తంభం మీద నిలిచిన నీటిని చూడండి. సముద్రం సగటు లోతు 3.7 కిలోమీటర్లు కాబట్టి అదే చదరపు మీటరు మీద ఉన్న నీటి బరువు సుమారు 38 లక్షల కిలోగ్రాములు. చల్లని నీటిని మరిగించి పూర్తిగా ఆవిరి చేయడానికి కిలోగ్రాముకు సుమారు 26 లక్షల జౌళ్లు కావాలి. మొత్తం 10 లక్షల కోట్ల జౌళ్లు చాలు. అంటే కింది శిల వదిలే వేడి పైనున్న సముద్రాన్ని మూడుసార్లకు పైగా ఆవిరి చేయగలదు. పైగా ఇది పటలం వేడి మాత్రమే. దాని కింద పదుల కిలోమీటర్ల మందంలో చల్లబడి పలకలో భాగమైన మాంటిల్ శిల వదిలిన వేడి ఇంకా చాలా రెట్లు ఎక్కువ. ఆ వేడి మొత్తం పది, పదిహేను కోట్ల ఏళ్లలో బయటికి వస్తే సముద్రానికి తెలియను కూడా తెలియదు. ఒక్క ఏడాదిలో వస్తే సముద్రమే మిగలదు, అందులోని జీవం సంగతి చెప్పనవసరం లేదు.

ప్రశ్న: ఆ వేడి ఆవిరి ధారలుగా ఎగసి అంతరిక్షంలోకి పోయిందని వారు అంటున్నారు. సముద్రపు నీరే శిలను త్వరగా చల్లార్చిందని మరికొందరు అంటున్నారు. ఇది సాధ్యం కాదా?

జవాబు: ఇక్కడ అడ్డు నీరు కాదు, శిల. నీరు ఎంత చల్లగా ఉన్నా, ఆవిరి ఎంత వేగంగా పోయినా, లోపలి వేడి ముందు శిల పైతలం దాకా రావాలి. పగుళ్ల గుండా కొన్ని కిలోమీటర్ల లోతుకు సముద్రజలం దిగి పటలాన్ని చల్లబరుస్తుందన్నది నిజమే. సముద్ర మధ్య శ్రేణుల దగ్గర వేడినీటి బుగ్గలు అలాగే పుడతాయి. అంతకంటే లోతున పగుళ్లు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి వేడి ఉష్ణవహనం ద్వారానే, కణం నుంచి కణానికి సాగుతూ పైకి రావాలి. శిల ఆ పనిని చాలా మందకొడిగా చేస్తుంది. ఒక ఏడాదిలో చల్లదనం దిగే లోతు సుమారు ఐదారు మీటర్లు. కాలం నాలుగు రెట్లయితే లోతు రెండు రెట్లు మాత్రమే అవుతుంది. ఈ లెక్కన 5,000 ఏళ్లలో దిగేది సుమారు 400 మీటర్లు, 10 కోట్ల ఏళ్లలో 50 కిలోమీటర్లకు పైగా.

నేటి సముద్రగర్భం ఈ రెండింటిలో దేనికి సరిపోతుందో చూడటం కష్టం కాదు. సముద్ర మధ్య శ్రేణుల శిఖరం నీటి మట్టానికి సుమారు 2.5 కిలోమీటర్ల లోతున ఉంటుంది. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ శిల చల్లబడి, కుంచించుకుపోయి, బరువెక్కి కిందికి కుంగుతుంది. 8 కోట్ల ఏళ్ల వయసున్న అడుగు 5.5 కిలోమీటర్లకు పైగా లోతున ఉంటుంది. ఈ కుంగుబాటు ఆ వయసు దాకా ఉష్ణవహనం కోరే వర్గమూల నియమాన్నే (కాలం నాలుగు రెట్లయితే మార్పు రెండు రెట్లన్న పై లెక్కనే) అనుసరిస్తుంది. అడుగు నుంచి పైకి వచ్చే వేడిని నేరుగా కొలిచినా, శిఖరాల దగ్గర ఎక్కువగానూ ముసలి అడుగు మీద చాలా తక్కువగానూ కనిపిస్తుంది. భూకంప తరంగాలు సైతం ముసలి పలక కింద 80 నుంచి 100 కిలోమీటర్ల మేర చల్లని, గట్టి శిల ఉందని చూపుతాయి. పటలం మొత్తం కొన్ని వేల ఏళ్ల కిందటే పుట్టి ఉంటే కొన్ని కిలోమీటర్ల కిందనే మండే శిల ఉండేది. సముద్రగర్భం అంతటా ఉబ్బి శిఖరాల లోతులోనే నిలిచిపోయేది. పసిఫిక్ మైదానాలకు ఇప్పుడున్న లోతు ఉండేది కాదు.

ఈ సందర్భంలోనే వారి మరో వాదన గురించి చెప్పాలి. మాంటిల్ లోతుల్లోకి దిగిన పలకలు చుట్టూ ఉన్న శిలకంటే చల్లగా ఉన్నాయని భూకంప తరంగాల చిత్రాలు చూపుతాయి. పాతవైతే ఈపాటికి వేడెక్కి కలిసిపోయేవి కదా, కాబట్టి అవి ఈమధ్యనే దిగాయి అని వారు అంటారు. వినడానికి బాగున్నా ఈ వాదన వారికే ఎదురు తిరుగుతుంది. చల్లబడటానికి ఎంత కాలం కావాలో వేడెక్కడానికీ సుమారుగా అంతే కాలం కావాలి. 100 కిలోమీటర్ల మందమున్న పలక పది కోట్ల ఏళ్ల తరువాత కూడా నడిమధ్యన చల్లగా ఉండటంలో వింత లేదు. కిందికి దిగడానికి ముందే అది అంత మందాన చల్లబడి ఉండాలంటే, పైన అన్ని కోట్ల ఏళ్లు గడిపి ఉండాలి.

ప్రశ్న: వయసులన్నీ రేడియోధార్మిక పద్ధతుల మీద ఆధారపడినవే. ఆ గడియారాలే ఒకప్పుడు వేగంగా నడిస్తే?

జవాబు: రేడియోధార్మిక క్షయాన్ని, అంటే అస్థిర పరమాణువులు విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారడాన్ని, వేగవంతం చేస్తే వేడి సమస్య తీరదు, రెట్టింపవుతుంది. క్షయం ప్రతిసారీ వేడిని విడుదల చేస్తుంది కాబట్టి కోట్ల ఏళ్ల క్షయాన్ని ఏడాదిలోకి కుదిస్తే ఆ వేడి శిలలనే కరిగించగలదు. ఈ ఆలోచనను ముందుకు తెచ్చిన బృందం సైతం 2005లో వెలువరించిన నివేదికలో ఈ వేడికి పరిష్కారం దొరకలేదని ఒప్పుకుంది. ఆఫ్రికాలోని గాబన్ దేశంలో, ఓక్లో అనే చోట సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట యురేనియం ఖనిజంలో తనంతట తానే నడిచిన సహజ అణు రియాక్టరు జాడ 1972లో బయటపడింది. అక్కడ మిగిలిన మూలకాల పాళ్లు, నాటి అణు ప్రక్రియలు నేటివాటిలాగే సాగాయని చూపుతున్నాయి.

కానీ రేడియోధార్మికతను పూర్తిగా పక్కన పెట్టినా వేగచలన వాదం నిలబడదు. దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం పసిఫిక్‌లోని ఎనెవెటాక్ పగడపు దీవి. 1952లో అక్కడ లోతుగా తవ్విన రంధ్రాల్లో ఒకటి సుమారు 1,400 మీటర్ల సున్నపురాయిని దాటిన తరువాతే అగ్నిపర్వతపు బసాల్ట్‌ను తాకింది. దిబ్బలు కట్టే పగడాలకు వెలుతురు కావాలి. అవి నీటి మట్టానికి కొన్ని పదుల మీటర్ల లోపలే బతుకుతాయి. కాబట్టి కింది అగ్నిపర్వతం మెల్లగా కుంగుతూ ఉంటే పైన పగడాలు ఆ కుంగుబాటుతో సమానంగా పెరుగుతూ వచ్చి ఉండాలి. ఛార్లెస్ డార్విన్ 1842లోనే ఊహించిన క్రమం ఇది. దిబ్బ ఏటా ఒక సెంటీమీటరు చొప్పున ఎన్నడూ ఆగకుండా పెరిగిందని ఉదారంగా అనుకున్నా 1,400 మీటర్లకు 1,40,000 ఏళ్లు కావాలి. మధ్యలో దిబ్బ నీటిపైకి తేలి కోతకు గురైన విరామాలు కూడా ఆ రాతిలో ఉన్నాయి కాబట్టి అసలు కాలం అంతకంటే చాలా ఎక్కువ. అగ్నిపర్వతం పుట్టింది, చల్లారింది, కుంగింది, దాని నెత్తిన దిబ్బ మీద దిబ్బ లేచింది. ఇదంతా కదులుతున్న పలక మీదనే జరిగింది. సెకనుకు మీటరు చొప్పున పరుగెత్తే పలక మీద, మరుగుతున్న సముద్రంలో పగడం పెరగదు.

అట్లాంటిక్ అడుగు కూడా ఇదే చెబుతుంది. గ్లోమార్ ఛాలెంజర్ అనే నౌక 1968లో దక్షిణ అట్లాంటిక్‌లో మధ్య శ్రేణికి అటూ ఇటూ వరుసగా రంధ్రాలు తవ్వింది. శ్రేణికి దూరమయ్యేకొద్దీ బసాల్ట్‌ను ఆనుకొని ఉన్న అవక్షేపంలోని సూక్ష్మజీవుల శిలాజాలు క్రమంగా పాతవవుతూ వచ్చాయి. దూరానికీ వయసుకూ మధ్య గీసిన గీత దాదాపు తిన్నగా ఉంది. ఆ మెత్తని బురద వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పేరుకుంటుంది. నెలల్లో విడిపోయిన సముద్రంలో ఈ వరుస ఏర్పడే అవకాశమే లేదు.

ప్రశ్న: హాప్‌గుడ్ చెప్పినట్టు పైపొర మొత్తం జారి ఉంటే అంటార్కిటికా ఒకప్పుడు మంచు లేని భూమి అయి ఉండదా?

జవాబు: అంటార్కిటికా ఒకప్పుడు మంచు లేకుండా ఉన్న మాట నిజం. అయితే అది కోట్ల ఏళ్ల నాటి సంగతి, 12,000 ఏళ్ల నాటిది కాదు. హాప్‌గుడ్ చెప్పిన ధ్రువాన్నే లెక్కలోకి తీసుకొని పరీక్షించవచ్చు. ఉత్తర ధ్రువం హడ్సన్ అఖాతం దగ్గర ఉంటే పశ్చిమ అంటార్కిటికా నడిభాగం అప్పట్లో సుమారు 50 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉండాలి. అక్కడ మందమైన మంచు నిలవడం కష్టం. సరిగ్గా ఆ ప్రాంతంలోనే, వెయిస్ డివైడ్ అనే చోట, 2006–2011 మధ్య 3,405 మీటర్ల లోతు దాకా మంచు స్తంభాన్ని తవ్వి తీశారు. అందులో 68,000 ఏళ్ల మంచు తెగకుండా ఉంది. మంచుయుగంలో అక్కడి చలి ఇప్పటికంటే దాదాపు 11 డిగ్రీలు ఎక్కువని కూడా ఆ మంచే చెబుతోంది. హాప్‌గుడ్ వాదం ప్రకారం అది అప్పట్లో ఇప్పటికంటే వెచ్చగా ఉండాలి.

ఇక జారుడు సంగతి. భూపటలం కింద ద్రవం లేదు. మాంటిల్ ఘనశిల, చాలా దీర్ఘకాలంలో మాత్రమే పారే శిల. అది ఎంత చిక్కనిదో స్వీడన్ తీరం చూపిస్తుంది. మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు కింద అక్కడి నేల కుంగిపోయింది. మంచు కరిగి దాదాపు 10,000 ఏళ్లయినా బోత్నియా సింధుశాఖ చుట్టూ నేల ఇప్పటికీ ఏటా సుమారు 9 మిల్లీమీటర్లు పైకి లేస్తూనే ఉంది. స్వీడన్‌లోని హై కోస్ట్ దగ్గర నాటి సముద్ర తీరరేఖ ఇప్పుడు 285 మీటర్ల ఎత్తున కొండ మీద కనిపిస్తుంది. ఈ లేవడాన్ని బట్టి నార్మన్ హాస్కెల్ 1935లో మాంటిల్ స్నిగ్ధతను (చిక్కదనాన్ని) లెక్కగట్టారు. తరువాతి కొలతలు ఆ విలువకు దగ్గరగానే వచ్చాయి. పైపొర స్వేచ్ఛగా జారేంత పలుచన మాంటిల్‌కు ఉంటే, నేల ఎప్పుడో పూర్తిగా లేచి ఆగిపోయి ఉండేది.

ప్రశ్న: 2011లో జపాన్ నిమిషాల్లో మీటర్లు కదిలింది కదా! ఇది వేగచలనం కాదా?

జవాబు: 2011 భూకంపంలో జపాన్ తూర్పు తీరంలో కొన్ని చోట్ల నేల 5 మీటర్లకు పైగా తూర్పుకు జరిగింది. సముద్ర అగాధం దగ్గర పగులు మీద జారుడు 50 మీటర్ల దాకా ఉంది. పసిఫిక్ పలక అక్కడ ఏటా 8–9 సెంటీమీటర్ల చొప్పున జపాన్ కిందికి దిగుతోంది. పగులు బిగుసుకుపోయి ఉన్న చోట ఆ కదలిక శిలలో ఒత్తిడిగా నిలువవుతూ వచ్చి ఒక్కసారిగా విడుదలైంది. 50 మీటర్లంటే సుమారు 600 ఏళ్ల బాకీ. ఆ రోజు పలక వేగం పెరగలేదు, ఆగి ఉన్న అంచు మిగతా పలకను అందుకుంది. ఇథియోపియాలోని అఫార్‌లో 2005లో కొద్ది వారాల్లోనే 60 కిలోమీటర్ల పొడవున నేల 8 మీటర్ల దాకా విచ్చుకున్న ఘటన కూడా ఇలాంటిదే. సాగదీత ఎంతోకాలంగా సాగుతోంది, శిలాద్రవం చొరబడటంతో ఒకేసారి తెరుచుకుంది.

ప్రశ్న: ఉత్తర ధ్రువం ఏటా పదుల కిలోమీటర్లు జరుగుతోందని చదివాను. ఇది పటలం జారుతోందనడానికి గుర్తు కాదా?

జవాబు: కాదు. జరుగుతున్నది అయస్కాంత ధ్రువం. భూమి లోపల కరిగిన ఇనుము ప్రవాహాలను బట్టి అది మారుతుంది. ఖండాలకూ భూభ్రమణ అక్షానికీ దానితో సంబంధం లేదు.

ప్రశ్న: ఆల్ఫ్రెడ్ వేగెనర్‌ను కూడా ఆనాటి శాస్త్రజ్ఞులు నమ్మలేదు కదా? చివరికి ఆయనదే నిజమని తేలింది. ఈ వాదాలకూ అలాంటి రోజు రావచ్చు కదా?

జవాబు: వేగెనర్ 1912లో ఖండ చలనాన్ని ప్రతిపాదించారు, 1930లో గ్రీన్‌లాండ్ యాత్రలో మరణించారు. ఆయన సిద్ధాంతాన్ని చాలామంది తోసిపుచ్చిన మాట నిజమే. అయితే ఆయన గ్రంథంలో రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఖండాలు కదిలాయనడానికి శిలలు, శిలాజాలు, పురాతన హిమనదాల జాడల నుంచి ఆయన సేకరించిన సాక్ష్యం. రెండవది, అవి ఎంత వేగంగా కదులుతున్నాయన్న అంచనా. గ్రీన్‌లాండ్ రేఖాంశాన్ని వేర్వేరు కాలాల్లో కొలిచిన ఫలితాలను పోల్చి, అది ఏటా మీటర్ల కొద్దీ పడమటికి జరుగుతోందని ఆయన అనుకున్నారు. ఆ కొలతల్లోని పొరపాట్లే ఆయనకు కదలికగా కనిపించాయి.

ఆయన పోయిన మూడు దశాబ్దాలకు, 1963లో ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ సముద్రగర్భంలోని అయస్కాంత చారల నుంచి విస్తరణను చదివారు. భూమి అయస్కాంత క్షేత్రం తలకిందులైన ప్రతిసారీ అప్పుడు గడ్డకడుతున్న లావాలో ఆ దిశ ముద్రపడుతుంది. ఒక్కొక్క తారుమారుకే కొన్ని వేల ఏళ్లు పడుతుంది. చివరిది దాదాపు 7.8 లక్షల ఏళ్ల కిందట జరిగింది. ఆ చారల నుంచి లెక్కించిన వేగం ఏటా సెంటీమీటర్లే. 1980ల నుంచి రేడియో దూరదర్శినులతోనూ, తరువాత జీపీఎస్‌తోనూ నేరుగా కొలిచిన నేటి వేగాలు గత 30 లక్షల ఏళ్ల చారల సగటుకు చాలా దగ్గరగా వచ్చాయి. ఐరోపా, ఉత్తర అమెరికా ఏటా సుమారు రెండు, రెండున్నర సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాయి. వేగెనర్ సాక్ష్యం ఆ కొలతల ముందు నిలిచింది, ఆయన వేగం నిలవలేదు. నేటి వేగచలన వాదులు ఆయన నుంచి తీసుకుంటున్నది ఆ నిలవని వేగాన్నే, అదీ లక్షల రెట్లు పెంచి. ఆ వేగానికి తగిన వేడి శిలల్లో ఎక్కడ ఉందో చూపే బాధ్యత ఇంకా వారి మీదే ఉంది.